రైతు ప్రశ్నలు: ఫుకువోకా సేద్యంలో పని ఎక్కడుంది?

ప్రశ్న: ఫుకువోకా ‘ఏమీ చేయని సేద్యం’ గురించి విని మా నిమ్మతోటకు రెండేళ్లుగా కత్తిరింపులు ఆపేశాం. కొమ్మలు ఎండిపోతున్నాయి. ఆయన చెప్పింది ఇదేనా? (గూడూరు)

జవాబు: కాదు. ఈ పొరపాటు ముందు ఆయనే చేశారు. దున్నకుండా, రసాయనాలు వాడకుండా పండించే ‘ఏమీ చేయని సేద్యం’ నేర్పిన మసనోబు ఫుకువోకా 1913లో జపాన్‌లోని షికోకు దీవిలో పుట్టారు. మొక్కల తెగుళ్లు చదువుకుని, యొకోహామా రేవులో దిగే మొక్కలను తనిఖీ చేసే ఉద్యోగంలో చేరారు. పాతికేళ్ల వయసులో అది వదిలేసి ఇంటికొచ్చి, తండ్రి నారింజతోటలో కత్తిరింపులు మానేశారు. కొమ్మలు అల్లుకుపోయి, పురుగు పట్టి, చెట్లు చచ్చిపోయాయి.

కారణం తేలికే. ఒకసారి కత్తిరించిన కొమ్మ తన సహజమైన దారిలో పెరగదు. కోసినచోట నాలుగైదు చిగుళ్లు లేచి ఒకదానిమీద ఒకటి పడతాయి. లోపలికి ఎండ, గాలి అందవు. గింజ నుంచి మొలిచి, కత్తి తగలని చెట్టునైతే వదిలేయవచ్చు. మనిషి చెయ్యి పడ్డ చెట్టును వదిలేస్తే అది గాలికి వదిలేయడమే అవుతుందని ఆయన తర్వాత పాఠంగా చెప్పేవారు.

మీ తోటలో ఎండుకొమ్మలను పచ్చిభాగం ఒక అంగుళం కలిసేలా కోయండి. అంటుకు కింద వేరుమూలం నుంచి వచ్చిన చిగుళ్లు, నిటారుగా లేచే నీరుకొమ్మలు తీసేయండి. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లతో కలిపితే సరిపోతుంది. (ఫుకువోకా దీనికి ఒప్పుకునేవారో లేదో గానీ, ఎండుతెగులు ముదిరిన తోటకు ఇది కావాలి.) మొదట్లో గడ్డి పరిస్తే కాండానికి ఒక అడుగు దూరం వదలండి. తడిగడ్డి బెరడుకు ఆనుకుని ఉంటే బంకతెగులు వస్తుంది.

ప్రశ్న: దున్నకుండా, నాటకుండా ఆయన వరి ఎలా పండించారు? పని వరస చెప్పగలరా? (తెనాలి)

జవాబు: లెక్క 25 సెంట్లకు చెబుతాం. అక్టోబరులో వరి ఇంకా చేలో నిలబడి ఉండగానే అర కిలో తెల్ల క్లోవర్ విత్తనం, 3 నుంచి 6 కిలోల బార్లీ లేదా రై (గోధుమలాంటి ధాన్యం) వెదజల్లేవారు. క్లోవర్ అంటే నేలమీద పరుచుకునే పప్పుజాతి గడ్డి. వరి కోసే నాటికి బార్లీ మొలక అంగుళం, రెండంగుళాలు ఉండేది. కోతలో కాళ్లకింద నలిగినా తేరుకునేది. నవంబరు మధ్య నుంచి 2 నుంచి 4 కిలోల వరి విత్తనాన్ని మట్టిగుళికలుగా చుట్టి చల్లేవారు. నూర్చిన వరిగడ్డిని ఆ మడిలోనే పరిచేవారు.

మే చివర్లో బార్లీ కోత. అప్పటికే అడుగున వరి మొలకలు ఉంటాయి. బార్లీ గడ్డి మళ్లీ మడికే. జూన్ వానల్లో వారం, పది రోజులు నీళ్లు నిలగట్టేవారు. దాంతో క్లోవర్, కలుపు నీరసించి వరి పైకి లేస్తుంది. ఆ తర్వాత నీళ్లు తీసేసి, ఆగస్టు నుంచి వారానికో పది రోజులకో ఒక తడి ఇచ్చేవారు. 25 సెంట్లకు సుమారు 590 కిలోల ధాన్యం, దాదాపు అంతే బార్లీ వచ్చేవని ఆయన లెక్క. ఎకరాకు వేసుకుంటే మన 75 కిలోల బస్తాల్లో 31 బస్తాల వడ్లు.

చాలామంది తప్పేది గడ్డి దగ్గర. పాయలు పాయలుగా, వరసగా పరిస్తే మొలక పైకి రాలేదు. ముక్కలు చేయకుండా, అడ్డదిడ్డంగా, గాలికి పడ్డట్టు చల్లాలి. వరిగడ్డి బార్లీకి, బార్లీ గడ్డి వరికి. పచ్చి వరిగడ్డిని వరిమీదే వేస్తే వరి తెగుళ్లు వెంటే వస్తాయి.

ప్రశ్న: బడి పిల్లలతో వేప, చింత విత్తన బంతులు చేయించి మేలో గుట్టమీద వేశాం. దాదాపు ఏవీ మొలవలేదు. (మహబూబ్‌నగర్)

జవాబు: మేలో వేశారంటే ఆ వేపగింజలు పాతవే అయ్యుంటాయి. వేపగింజ రాలిన కొద్ది వారాల్లోనే మొలిచే శక్తి కోల్పోతుంది. జూన్, జులైలలో పండు ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి ఆ నెలలోనే వాడాలి. చింతగింజను రాత్రంతా నానబెట్టాలి.

బంతి సైజు రెండో తప్పు. పిల్లలు లడ్డూ అంత చేస్తారు. ఫుకువోకా వరిగుళిక అర అంగుళానికి మించదు. వడ్లను పిట్టలు, ఎలుకలు తినకుండా, చలికాలం తడికి కుళ్లకుండా కాపాడటమే ఆ మట్టిపొర పని. చింతగింజకైతే గోళీకాయంత చాలు. జల్లెడ పట్టిన బంకమన్ను వాడండి. ఒట్టి నల్లరేగడి ఆరితే పగిలి గింజ బయటపడుతుంది, ఇసుకమన్ను పొడిపొడిగా రాలిపోతుంది. చేసిన బంతులను నీడన ఆరబెట్టి, రెండు మంచి వానలు పడ్డాక చల్లండి. బండమీద కాదు, పొదల నీడలో.

ప్రశ్న: కృష్ణా డెల్టాలో ఈ పద్ధతి కుదురుతుందా? (అవనిగడ్డ)

జవాబు: క్లోవర్ మన ఎండలకు నిలవదు. కానీ కోతకు ముందే చేలో తర్వాతి పంట చల్లడం డెల్టా రైతుకు కొత్తేమీ కాదు. మాగాణి మినుము అదే కదా! ఎకరాకు 16 నుంచి 18 కిలోల విత్తనం కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లండి. అడుగు వేస్తే పాదం గుర్తు పడాలి, దిగబడకూడదు. బురదైతే గింజ కుళ్లుతుంది, బీటలు తీస్తే మొలక రాదు.

కోత యంత్రం దిగే చేలో ముందే చల్లకండి, చక్రాల కింద గింజ పూడిపోతుంది. కోత అయ్యాక తేమ ఉండగానే చల్లి, యంత్రం వరసగా వదిలిన గడ్డిని పలచగా చెదరగొట్టండి. కుప్పలుగా వదిలేస్తే అక్కడ మొలక పాలిపోయి చస్తుంది.

మినుముకు అసలు శత్రువు బంగారుతీగ. విత్తనంతోనే వస్తుంది కాబట్టి చల్లేముందు జల్లెడ పట్టి సన్నగింజలు తీసేయండి. చేలో పసుపు తీగ కనబడితే పూత రాకముందే, అది అల్లుకున్న మినుము మొక్కలతో సహా పీకి గట్టుమీద కాల్చండి. ఏటా వస్తున్న చేలో ఒకటి రెండేళ్లు మొక్కజొన్నో జొన్నో వేయండి, వాటిమీద ఈ తీగ బతకదు.