తాగుడు మాన్పించే కంప్యూటర్ పాఠాలు

ప్రశ్న: మావారు రొయ్యల చెరువుల మీద పనిచేస్తారు. రోజూ ఒక క్వార్టర్ బ్రాందీ, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) రోజైతే రెండు. అమెరికాలో స్పానిష్ మాట్లాడేవాళ్ల చేత కంప్యూటర్ పాఠాలతో మందు మాన్పిస్తున్నారని విన్నాను. అలాంటిది ఫోన్లో చూపించి ఇంట్లోనే మాన్పించవచ్చా?
– ఒక సోదరి, భీమవరం దగ్గర

జవాబు: పాఠాలు ఇంట్లో చూడొచ్చు, కానీ మందు ఇంట్లో ఆపకూడదమ్మా. లెక్క చూడండి. క్వార్టర్ అంటే 180 మి.లీ., అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు, అంటే ఆరు చిన్న పెగ్గులు. రోజూ ఇంత తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడి, మతి తప్పి, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకని ముందు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. నీరసమని గ్లూకోజు సీసా ఎక్కించడం మనవైపు అలవాటే. తాగేవాళ్లకు దానికంటే ముందు బి1 విటమిన్ ఇంజక్షన్ పడాలి, లేకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇక మీరు విన్నది నిజమే. యేల్ విశ్వవిద్యాలయంవాళ్ల పాఠాలవి, మొత్తం ఏడు. ఇంగ్లీషు పాఠాన్ని ఊరికే అనువదించి వదిలెయ్యలేదు, స్పానిష్ మాట్లాడేవాళ్లు ఇళ్లలో చూసే సీరియల్ పద్ధతిలో కథ తీశారు. పాత్ర ఒకసారి తప్పటడుగు వేస్తుంది. అదే సన్నివేశం మళ్లీ వస్తుంది, ఈసారి నేర్చుకున్న ఉపాయంతో బయటపడుతుంది. మద్యం, ఇతర మత్తుపదార్థాలు వాడే 92 మందితో 8 వారాలు నడిపిన ఆ పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. మామూలు చికిత్సకు తోడుగా పాఠాలు చూసినవాళ్లలో వాడకం బాగా తగ్గింది. 'తోడుగా' అన్నమాట మరవకండి.

అందులోని పద్ధతి నోటుపుస్తకంతోనూ నడుస్తుంది. తాగాలనిపించినప్పుడల్లా ఒక వరుస రాయించండి: టైము, చోటు, పక్కన ఎవరు, కోరిక పదికి ఎంత. 'సాయంత్రం 6, లారీ కదిలింది, డబ్బులు చేతికొచ్చాయి, 8' అన్న వరుస నాలుగుసార్లు కనబడితే గండం ఎక్కడుందో తెలిసిపోయినట్టే. ఆ రోజు కూలి నేరుగా బ్యాంకు ఖాతాలో వేయమని మేస్త్రికి ముందే చెప్పించండి. కోరిక అల లాంటిది, సాధారణంగా అరగంటలో దిగుతుంది. ఆ అరగంటకు ఒక పని పెట్టుకోవాలి.

వద్దనడం కూడా సాధన చేయాల్సిందే. 'ఈసారికి వద్దులేరా' అంటే పనికిరాదు, వచ్చేసారికి తలుపు తీసిపెట్టినట్టే. 'మానేశాను. నాకు సోడా చెప్పు' అని, సోడా తాగి లేచి వచ్చేయాలి. ఇంట్లో మీరే స్నేహితుడిలా బతిమాలండి, ఆయన పైకి చెప్పాలి. మొదట్లో ఇద్దరికీ నవ్వొస్తుంది, పర్వాలేదు. సంక్రాంతి పందేల బరికి వెళ్లేముందు మాత్రం ఓ పదిసార్లు చెప్పించండి.

ప్రశ్న: తెలియకుండా కూరలో కలిపే మాత్ర ఉందట, వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: వద్దు. అది డైసల్ఫిరామ్. దాని మీద మద్యం పడితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉంటే ప్రాణమే పోవచ్చు. ఆయన ఒప్పుకున్నాక, పరీక్షలు చేసి డాక్టరే రాయాలి. అడగడానికి మొహమాటంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.