స్నోషూలు (మంచులో నడవడానికి బూట్ల కింద బిగించుకునే వెడల్పాటి చట్రాలు) వేసుకుంటే కొత్త మంచులో కాలు అసలు దిగబడదా?

దిగబడుతుంది, కాకపోతే బూట్లతో మోకాలి దాకా దిగే చోట స్నోషూతో చాలాసార్లు చీలమండ దగ్గరో, కాస్త పైనో ఆగుతుంది.

కొత్తగా కురిసిన మంచులో సుమారు 90 శాతం గాలే. బరువు పడితే ఆ ఖాళీలు నలిగి, అడుగున మంచు గట్టిపడేదాకా కాలు దిగుతూనే ఉంటుంది. అదే బరువు వెడల్పుగా పరుచుకుంటే తొందరగా ఆగుతుంది. దమ్ము చేసిన మడిలో చెక్క పలక మీద నిలబడటం లాంటిదే. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద ఉన్నాడనుకోండి. బూటు అడుగు 250 చదరపు సెంటీమీటర్లయితే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 280 గ్రాములు పడతాయి. స్నోషూ 1,200 ఉంటే 60 గ్రాముల లోపే.

న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో మౌంట్ జో అనే చిన్న అడవి శిఖరం ఉంది. ఎత్తు 2,900 అడుగులకు కాస్త తక్కువ. అలాంటి చోట తొక్కి గట్టిపడిన బాట మీద హాయిగా వెళ్లొచ్చు. పక్కకు జరిగి స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు మొదట్లో అడుగేస్తే మాత్రం స్నోషూతో సహా నడుము దాకా దిగిపోవచ్చు. కొమ్మల కింద మంచు సరిగ్గా చేరక గుంట మిగిలిపోతుంది, పైకి కనిపించదు.

స్నోషూ ఎంత పెద్దదైతే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. చదునైన మైదానంలో అది కొంత నిజమే. చెట్ల మధ్య ఎక్కేటప్పుడు పెద్దవి కొమ్మలకు తగులుతాయి, ఒకదాన్నొకటి తొక్కుతాయి, కాళ్లు లాగేస్తాయి. వాలు మీద జారకుండా పట్టేది వెడల్పు కాదు, అడుగున ఉండే లోహపు పళ్లు.