సిరంజి చూడగానే మంచం కిందికి దూరే పిల్లికి మందు పట్టేదెలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పిల్లికి నాలుగేళ్లు. చిగుళ్లలో ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ సిరప్ రాసిచ్చారు, పూటకి ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండుసార్లు పట్టాలి. సీసా ఊపిన చప్పుడు వింటే చాలు, మంచం కిందికి పోయి కూర్చుంటోంది. ఇద్దరం కలిసి పట్టుకుని, తల పైకెత్తి నోట్లో పోస్తే సగం ఉమ్మేసింది, మూతి నిండా నురగ. మా ఆయన చెయ్యి రక్కేసింది కూడా. తిండిలో కలిపితే వాసన చూసి వెళ్లిపోయింది. కాస్త పంచదార కలిపి పట్టమంటారా? ప్రతి పూటా టెన్షనే.

జవాబు: తల పైకెత్తి పోయడం మాత్రం ఈ పూట నుంచే ఆపేయండి. అలా వెనక్కి వంచి ఒక్కసారిగా పోస్తే మందు గాలిగొట్టంలోకి దిగి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, దాంతో న్యుమోనియా వస్తే చిగుళ్ల సంగతి దేవుడెరుగు, ప్రాణం మీదికే వస్తుంది. తల నేలకు సమంగా ఉండాలి, మందు కొంచెం కొంచెంగా వెళ్లాలి. మీ ఆయన చేతి గాయాన్ని సబ్బుతో బాగా కడిగి, వాపు, ఎరుపు ఉంటే ఆయన్నీ డాక్టరుకి చూపించండి.

పంచదార దండగ. పిల్లులకు తీపే తెలియదు. తీపిని పసిగట్టడానికి కావలసిన జన్యువుల్లో ఒకటి వాటిలో పనిచేయదని 2005లో తేలింది, పులికీ చీటాకీ కూడా అంతే. చేదు మాత్రం తెలుస్తుంది, అందుకే ఆ నురగ. అది చూసి మందు విషమైపోయిందని చాలామంది హడలిపోతారు గానీ, చేదు నాలుకకి తగిలితే పిల్లి అలాగే చొంగ కారుస్తుంది, మామూలుగా కాసేపట్లో తగ్గిపోతుంది. తిండిలో కలపడం కూడా నాకు ఇష్టం ఉండదు. ఎంత మందు లోపలికి వెళ్లిందో తెలియదు, పైగా ఆ తిండి మీదే అనుమానం పెట్టుకుని తినడం మానేస్తే కొత్త తలనొప్పి. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే, తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుపోయే ప్రమాదం ఉంది.

ఇంకో సంగతి, మీ పిల్లిది మొండితనం కాకపోవచ్చు. చిగుళ్లు వాచినప్పుడు మూతి ముట్టుకుంటేనే ప్రాణం పోయినట్టు ఉంటుంది. నొప్పి తగ్గే మందు కూడా కావాలేమో మీ డాక్టర్ని అడగండి, నొప్పి తక్కువగా ఉన్న వైపు నుంచే మందు పట్టండి.

ఇక పట్టే పద్ధతి. పిల్లిని ఎత్తుకోకముందే అన్నీ సిద్ధంగా ఉండాలి, సగం గొడవ అక్కడే తప్పుతుంది. పడకగది తలుపు వేసేయండి. సీసా బాగా ఊపండి, అడుగున మందు పేరుకుంటే మోతాదు మారిపోతుంది, ఆ చప్పుడేదో వేరే గదిలో కానివ్వండి. సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజిలోకి తీసుకుని గాలి బుడగలు పోగొట్టండి. కొన్ని సిరంజిల పిడి బిగుసుకుని ఉండి, గట్టిగా నొక్కేసరికి మందంతా ఒక్కసారి చిమ్ముతుంది, అందుకే ముందు నీళ్లతో లాగి వదిలి చూసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టే మందైతే సిరంజిని కాసేపు అరచేతిలో పట్టుకుంటే చలి విరుగుతుంది.

పిల్లిని టేబుల్ మీద తువ్వాలు పరిచి, దాని వీపు మీ పొట్టకు ఆనేలా, మూతి అవతలికి ఉండేలా కూర్చోబెట్టండి. వెనక్కి జరిగి తప్పించుకోవాలని చూస్తుంది కానీ వెనక మీరే ఉంటారు. పంజాలు విసిరితే అదే తువ్వాలుతో మెడ దాకా చుట్టండి, మెడ పట్టుకుని ఎత్తడం మాత్రం వద్దు. ఎడమ చేత్తో పైనుంచి తలని మెత్తగా పట్టుకోండి, బొటనవేలు ఒక దవడ ఎముక మీద, మిగతా వేళ్లు రెండో దాని మీద. నోరు తెరిపించక్కర్లేదు. కోరపన్ను వెనకాల కాస్త ఖాళీ ఉంటుంది, పక్క నుంచి సిరంజి కొన అక్కడ పెట్టి, బుగ్గకీ పళ్లకీ మధ్య పావు మిల్లీలీటరు వదిలి ఆగండి. గొంతు కదులుతుంది, నాలుక బయటికొచ్చి ముక్కు నాకుతుంది, అంటే మింగిందన్నమాట. అప్పుడు ఇంకో పావు. దగ్గు వస్తే వెంటనే ఆపి తల వదిలేయండి. అయిపోగానే దానికి నచ్చిన మెత్తని తిండి కాస్త నాకించి, పోతానంటే పోనివ్వండి, ముద్దులు పెట్టుకుంటూ పట్టి ఉంచొద్దు.

మందు టైము కానప్పుడు కూడా ఖాళీ సిరంజి కొనకి అదే తిండి రాసి నాకిస్తూ ఉండండి.

ఇంత చేసినా కుదరకపోతే కోర్సు మధ్యలో మానేయకుండా డాక్టర్ని వేరే దారి అడగండి. ఒక్కసారి వేస్తే రెండు వారాల దాకా పనిచేసే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఉంది, అన్ని ఇన్ఫెక్షన్లకీ పనికిరాదు గానీ అడగడంలో తప్పులేదు.

ప్రశ్న: సగం ఉమ్మేస్తే మళ్లీ పట్టొచ్చా?

జవాబు: ఎంత మింగిందో మీకు తెలియదు కాబట్టి సొంతంగా మళ్లీ పట్టొద్దు. డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి, లేదంటే తర్వాతి డోసు దాని టైముకి ఇవ్వండి. రెండు డోసులు కలిపి ఇవ్వడం అసలే వద్దు.

ప్రశ్న: ఒళ్లు వేడిగా ఉంటే పిల్లల జ్వరం సిరప్ రెండు చుక్కలు వేయొచ్చా?

జవాబు: ఆ సిరప్‌లో సాధారణంగా ఉండేది పారాసిటమాల్. దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు, రెండు చుక్కలు కాదు, ఒక్క చుక్క కూడా వేయొద్దు. ఇప్పటికే వేసి ఉంటే చిగుళ్లు గోధుమరంగుకో నీలానికో తిరగడం, మొహం వాయడం, ఆయాసం లాంటివి కనిపించేదాకా ఎదురుచూడకుండా, సీసా చేత్తో పట్టుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తండి. ఎంత సేపైంది, ఎంత పోశారు, ఈ రెండూ చెబితే విరుగుడు త్వరగా మొదలుపెట్టగలరు.