హాంకాంగ్‌లో రాత్రి: ముందు ఏ ఒడ్డున ఉన్నారో చూసుకోండి

ప్రశ్న: నేనూ మా చెల్లీ వచ్చే నెల హాంకాంగ్ వెళ్తున్నాం. ఇద్దరం మందు ముట్టం, పబ్బుల గోల అస్సలు పడదు. అక్కడ నైట్ లైఫ్ అంటే అదేనని అందరూ అంటున్నారు, మరి చీకటి పడితే రూమ్‌లో కూర్చోవాల్సిందేనా? ఇద్దరు ఆడవాళ్ళం రాత్రి పూట తిరగొచ్చా?

జవాబు: రూమ్‌లో ఎందుకండీ, హాంకాంగ్ చూడాల్సిందే చీకటి పడ్డాక! ఊరి మధ్యలో విక్టోరియా హార్బర్, ఇటు కౌలూన్, అటు హాంకాంగ్ ఐలాండ్, రాత్రి అందమంతా ఆ నీళ్ళ మీదే ఉంటుంది. అందుకే ముందు మీ హోటల్ ఏ ఒడ్డున ఉందో చూసుకుని, ఆఖర్న ఆ ఒడ్డుకే చేరేలా ప్లాన్ వేసుకోండి.

రోజూ రాత్రి 8 గంటలకి సింఫనీ ఆఫ్ లైట్స్ అని బిల్డింగుల మీద లైట్ల షో ఉంటుంది, ఫ్రీ, ఓ పది నిమిషాలు. 2004 నుంచి నడుస్తోంది. అందరూ కౌలూన్ వైపు సిమ్ షా సుయ్ ఒడ్డున క్లాక్ టవర్ దగ్గర గుంపుగా నిలబడి చూస్తారు గానీ నన్నడిగితే ఆ టైమ్‌కి హార్బర్ దాటించే స్టార్ ఫెర్రీ ఎక్కేయండి, అప్పుడు రెండు ఒడ్డులూ కనిపిస్తాయి. పాతకాలం పడవ, చెక్క బెంచీలు, వీపు ఆనించే పలకని ఇటు నుంచి అటు తోసేస్తే పడవ ఎటు వెళ్తే అటు తిరిగి కూర్చోవచ్చు, ఒడ్డుకి రాగానే నీలం యూనిఫామ్ వేసుకున్న మనిషి పొడుగాటి కొక్కెం కర్రతో తాడు అందుకుని కట్టేస్తాడు, నాకైతే లైట్ల షో కన్నా అదే ఎక్కువ నచ్చింది. టికెట్ చాలా తక్కువ. రాత్రి పదకొండున్నర దాకా తిరుగుతుంది. తుపాను సిగ్నల్ 3 గానీ అంతకన్నా పెద్దది గానీ ఎగరేస్తే ఆ రోజు షో ఉండదు.

అవతల హాంకాంగ్ ఐలాండ్ ఒడ్డున దిగాక ట్రామ్ ఎక్కండి. 1904 నుంచి ఉన్నాయి, అన్నీ డబుల్ డెక్కర్లే, వెనక నుంచి ఎక్కి ముందు నుంచి దిగేటప్పుడు డబ్బులు కట్టాలి, పై అంతస్తులో ముందు సీటు దొరికితే మాత్రం వదలొద్దు. ఇంకో రాత్రి కౌలూన్‌లో టెంపుల్ స్ట్రీట్ మార్కెట్‌కి వెళ్ళండి, జాతకాలు చెప్పేవాళ్ళు చిన్న లైటు పెట్టుకుని వరసగా కూర్చుంటారు, బేరం గట్టిగానే ఆడాలి. శాకాహారులైతే నేథన్ రోడ్‌లో చుంగ్‌కింగ్ మాన్షన్స్ లోపల మన ఇండియన్ హోటళ్ళు ఉన్నాయి.

భద్రత సంగతంటారా, ఈ వీధుల్లో రాత్రి పొద్దుపోయేదాకా జనం ఉంటారు, ఇద్దరూ కలిసి నిశ్చింతగా తిరగండి, ఎమర్జెన్సీ నంబర్ మాత్రం గుర్తుంచుకోండి, 999. ఆక్టోపస్ కార్డ్ కొనుక్కుంటే మెట్రో, బస్సు, ట్రామ్, ఫెర్రీ అన్నిటికీ అదే పనిచేస్తుంది. ఆఖరి మెట్రో ఇంచుమించు ఒంటిగంటకి. అది పోతే ఎన్ అక్షరంతో మొదలయ్యే నైట్ బస్సులున్నాయి. టాక్సీలో హార్బర్ దాటితే టనెల్ టోల్‌తో పాటు డ్రైవర్ తిరిగెళ్ళే టోల్ కూడా మనమే కట్టాలి, అది మోసం కాదు, అక్కడి రూలే అంత. హార్బర్ దాటే టాక్సీలు ఆగే క్రాస్ హార్బర్ స్టాండ్‌లో ఎక్కితే ఆ రెండో టోల్ తప్పుతుంది. అన్నట్టు ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే వెళ్ళే ముందే ఆన్‌లైన్‌లో ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, మర్చిపోకండి.

ప్రశ్న: సార్, ఫ్రెండ్స్‌తో హాంకాంగ్ వెళ్తున్నా, న్యూ ఇయర్ రాత్రి బార్లుండే లాన్ క్వాయ్ ఫాంగ్ వీధిలో గడపాలని ప్లాన్. బాగుంటుందా?

జవాబు: బాగుంటుంది బాబూ, కానీ ఒక్కటి విను. అదొక ఇరుకు సందు, పైగా ఏటవాలు. 1993 కొత్త సంవత్సరం వచ్చిన నిమిషాల్లోనే అక్కడ తొక్కిసలాటలో 21 మంది చనిపోయారు, చాలామంది కుర్రాళ్ళే. అప్పట్నుంచి పండగ రాత్రుల్లో పోలీసులు జనాన్ని ఒకే దిక్కుగా నడిపిస్తారు. వాళ్ళు ఎటు పొమ్మంటే అటే పో, ఫ్రెండ్ తప్పిపోయాడని జనానికి ఎదురు వెళ్ళకు, ముందే బయట ఎక్కడో ఒక చోట కలుద్దామని అనుకోండి. వాన్ చాయ్ అనే పేటలో అమ్మాయిలు పక్కన కూర్చునే బార్లుంటాయి, వాళ్ళు తాగేదానికీ బిల్లు నీదే, రేటు అడక్కుండా కూర్చోకు.

బుధవారం రాత్రి ఖాళీగా ఉంటే హ్యాపీ వ్యాలీ గుర్రప్పందేలకి వెళ్ళు. చుట్టూ అపార్ట్‌మెంట్ టవర్లు, మధ్యలో లైట్ల కింద గుర్రాలు పరిగెడుతుంటాయి, పందెం కాయకపోయినా చూడొచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండుండాలి. ఇవి సెప్టెంబర్ నుంచి జూలై దాకే, అన్ని బుధవారాలూ ఉండవు, డేట్ చూసుకుని వెళ్ళు.