డాబా మీద సోలార్, కొత్త ఈ-స్కూటర్: ముందు ఏది?

ప్రశ్న: మాది గుంటూరు, సొంత డాబా ఇల్లు. నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు వాడతాం. ఇంటి ఖర్చు 40,000. లక్ష చొప్పున మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లు తప్ప వేరే పొదుపు లేదు. పర్యావరణానికి మా వంతుగా 3 కిలోవాట్ల సోలార్ (కొటేషన్ 2 లక్షలు, 2 కిలోవాట్లకు 1.40 లక్షలు), లక్షా పదివేల ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుందామనుకుంటున్నాం. పెట్రోలు బండి బాగానే నడుస్తోంది, కానీ రోజూ 15 కిలోమీటర్లు దాని మీద తిరుగుతుంటే మనసు ఒప్పుకోవడం లేదు. డిపాజిట్లు తీసేయమంటారా?

జవాబు: మూడూ తీయకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 2.40 లక్షలు, ఆసుపత్రికో ఉద్యోగం పోతేనో ఆదుకోవాల్సిన డబ్బు. ఒక్క డిపాజిట్ తీస్తే చాలు, అది కూడా పూర్తిగా ఖర్చు కాదు.

మొదటి ఖర్చు ఫ్యాన్లకు పెట్టండి. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటలు తిరిగే నాలుగు ఫ్యాన్లు మారిస్తే నెలకు 65 యూనిట్లు తగ్గుతాయి. ఆంధ్రప్రదేశ్ గృహ టారిఫ్‌లో 225 యూనిట్లు దాటాక యూనిట్ 8.75 రూపాయలు. మీకు తగ్గేవి దాదాపు అన్నీ ఆ స్లాబువే. 300 యూనిట్లకు విద్యుత్ ఛార్జీ 1,673 రూపాయలైతే, 235కి 1,105. ఒక్కో ఫ్యాను 3,000 అనుకున్నా పెట్టిన 12,000 రెండేళ్లలోపే తిరిగొస్తాయి. ఇంత త్వరగా డబ్బు తిరిగిచ్చేది మీ జాబితాలో ఇంకోటి లేదు.

ఇక సోలార్. ఒక కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 వస్తాయి. ఫ్యాన్లు మార్చాక మీ 235 యూనిట్లకు 2 కిలోవాట్లు సరిగ్గా సరిపోతాయి. మూడోది ఎందుకు వద్దంటున్నానంటే, అది చేసే కరెంటంతా మిగులే. మిగులుకు డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) కట్టే ధర, మీరు ఆదా చేసే పై స్లాబు ధర కంటే బాగా తక్కువ. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున వస్తుంది, మూడోదానికి 18,000 మాత్రమే.

1.40 లక్షల్లో పది శాతం, అంటే 14,000 మీరు కట్టి, మిగతాది ప్రభుత్వ బ్యాంకులో సూర్యఘర్ రుణంగా తీసుకోండి. హామీ అడగరు, వడ్డీ ఆరు శాతానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. సబ్సిడీ 60,000 ముందుగా రాదు. నెట్ మీటరు (మీరు వాడిన కరెంటును, బయటికి పంపిన కరెంటును రెండింటినీ లెక్కించేది) బిగించి, కమిషనింగ్, అంటే సిస్టమ్‌ను పరీక్షించి ప్రారంభించడం, పూర్తయ్యాకే మీ ఖాతాలో పడుతుంది. దాన్ని వెంటనే రుణానికి జమ చేస్తే 66,000 మిగులుతుంది. బిల్లులో తగ్గే 1,100నే కిస్తీగా కడితే ఆరేళ్లలో తీరిపోతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు మాత్రం ఎప్పటికీ ఉంటాయి.

దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గరే. మీటరు ఇంకా మామగారి పేరిట ఉంటే ముందు పేరు మార్పించుకోండి. కనెక్షన్ పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటే ఉండాలి.

స్కూటరుకు తొందర పడకండి. నెలకు 450 కిలోమీటర్లకు పది లీటర్లు, సుమారు 1,100 రూపాయలు. ఎలక్ట్రిక్ బండికి అదే దూరానికి 18 యూనిట్లు చాలు. అంటే ఆదా నెలకు వెయ్యి. బండి ధర రాబట్టడానికి తొమ్మిదేళ్లు పడుతుంది, ఆలోపు బ్యాటరీ మార్చాల్సి రావచ్చు. పైగా పాత బండి అమ్మేస్తే కొన్నవాళ్లు అదే పెట్రోలు కాలుస్తారు, మీ కోసం ఇంకో కొత్త బండి, బ్యాటరీ తయారవుతాయి. కాబట్టి మీ మనసు నొచ్చుకోవాల్సిన పని లేదు. టైర్లలో గాలి సరిగా ఉంచి, సమయానికి సర్వీసింగ్ చేయించి, అది మొరాయించేదాకా నడపండి. ఫ్యాన్లకు, సోలార్‌కు కలిపి అయ్యేది 26,000. తీసిన డిపాజిట్‌లో మిగిలిన 74,000 మళ్లీ బ్యాంకులోనే వేస్తే, మిగతా రెండు డిపాజిట్లతో కలిపి 2.74 లక్షలు. అందులో అత్యవసర నిధి 2.40 లక్షలు పోను 34,000 ఉంటాయి. కొత్త బండికి అదే తొలి పొదుపు.

సోలార్ కొటేషన్ ఒక్క లైనులో ఉంటే సంతకం పెట్టకండి. ప్యానెళ్లు డీసీఆర్‌వేనా (మన దేశంలో తయారైన సెల్స్ కాకపోతే సబ్సిడీ రాదు), ఒక్కోటి ఎన్ని వాట్లు, ఇన్వర్టరు వారంటీ ఎన్నేళ్లు, ఎర్తింగ్, పిడుగు రక్షణ, నెట్ మీటరు ఫీజు కలిపే చెప్పారా అన్నది రాయించండి. స్టాండు హాట్ డిప్ గాల్వనైజ్డ్ ఉక్కుతో ఉండాలి, మామూలు ఇనుముకు రంగు వేసి బిగిస్తే కొన్నేళ్లకే తుప్పు పడుతుంది. వాటర్ ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా, దానితో వరుసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తి పడిపోతుంది. బిగించే ముందు ఉదయం తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకి నీడ ఎక్కడ పడుతోందో చూడండి. బ్యాటరీ లేని ఈ సిస్టమ్ కరెంటు పోయినప్పుడు ఆగిపోతుంది, లైన్‌మెన్ భద్రత కోసమే అలా చేస్తారు. కడగడానికి బోరు నీళ్లు వాడితే తెల్లటి ఉప్పు పొర కడుతుంది. మున్సిపల్ నీళ్లతో, ఎండ ఎక్కకముందే కడగండి.