కాలేయంలో కొవ్వు: రక్తపరీక్ష ఎంతవరకు చెబుతుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది అనంతపురం, పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాము. నాకు 43 ఏళ్లు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, నడుము 98 సెంటీమీటర్లు. ఆఫీసువారు చేయించిన పరీక్షల్లో పరగడుపు చక్కెర 108, రక్తంలోని కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 210, కాలేయ ఎంజైములైన ఎస్‌జీఓటీ 38, ఎస్‌జీపీటీ 49, జీజీటీ 55, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు వచ్చాయి. ఏనాడూ మద్యం ముట్టని మా నాన్నగారు, షుగరుతో పాటు లివరు గట్టిపడి పోయారు. నాకూ మద్యం అలవాటు లేదు. స్కానింగు లేకుండా ఈ అంకెలతోనే నా కాలేయం సంగతి తెలుసుకోవచ్చునా?

జవాబు: చాలావరకు తెలుసుకోవచ్చు. అయితే మీరు అడిగినదానిలో రెండు ప్రశ్నలున్నాయి: కాలేయంలో కొవ్వు చేరిందా, చేరిన కొవ్వు వల్ల కాలేయం గట్టిపడుతోందా. మొదటిదానికి పనికొచ్చే లెక్క రెండోదానికి సరిపోదు.

మొదటిదానికి, బరువు, ఎత్తు, నడుము, ట్రైగ్లిజరైడ్లు, జీజీటీలను కలిపి కట్టే 'ఫ్యాటీ లివర్ ఇండెక్స్' ఉంది. అది 30 లోపుంటే కొవ్వు లేదని, 60 లేదా అంతకు మించితే ఉన్నదని భావిస్తారు. మీకు సుమారు 76 వస్తోంది కనుక కొవ్వు చేరి ఉండే అవకాశమే ఎక్కువ. ఎస్‌జీపీటీ మామూలుగా ఉందన్న ఒక్క కారణంతో నిశ్చింతగా ఉండిపోయేవారిని చూస్తే నాకు దిగులు కలుగుతుంది. కాలేయం నిండా కొవ్వున్నా ఆ అంకె పెరగకపోవచ్చు.

ప్రాణానికి ముప్పు తెచ్చేది రెండోది. దానికి 'ఫిబ్-4' అనే లెక్క ఉంది: వయసును ఎస్‌జీఓటీతో గుణించి, వేలలో చెప్పిన ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. మీ విషయంలో 43ను 38తో గుణిస్తే 1634, ప్లేట్‌లెట్ల 210ని (2.1 లక్షలంటే 210 వేలు) 49 వర్గమూలమైన 7తో గుణిస్తే 1470, ఫలితం 1.11. ప్లేట్‌లెట్లకు ఇందులో చోటెందుకంటే, కాలేయం గట్టిపడినకొద్దీ దానిలోకి రక్తం తెచ్చే సిరలో ఒత్తిడి పెరిగి, ప్లీహం ఉబ్బి, ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుకుంటుంది. ఫలితం 1.3 లోపుంటే కాలేయాన్ని గట్టిపరిచే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే కాలేయ నిపుణులను తప్పక కలవాలి. మధ్యలో ఉంటే, కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. 65 ఏళ్లు దాటినవారికి 1.3 బదులు 2.0 చూస్తారు. 35 ఏళ్ల లోపువారికి ఈ లెక్క అంతగా నమ్మదగినది కాదు.

మీకు ప్రస్తుతం భయం లేదు, కానీ నాన్నగారి చరిత్రను, షుగరు అంచుకు చేరిన మీ 108ని నేను తేలిగ్గా తీసుకోలేను. హెపటైటిస్ బి, సి పరీక్షలు, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ, ఒక్కసారి అల్ట్రాసౌండు చేయించుకోండి. బరువులో 7 నుంచి 10 శాతం, అంటే మీరు ఐదున్నర నుంచి ఎనిమిది కిలోలు తగ్గితే, కొవ్వుతో పాటు వాపు కూడా తగ్గుతుంది. ఫిబ్-4ను ఏడాదికో రెండేళ్లకో మళ్లీ లెక్కించి, పాత రిపోర్టుల పక్కన పెట్టి మీ డాక్టరుకు చూపించండి.