డబ్బా మీద అంకె చూసి రౌటర్ కొనకు

చిట్టీ,

ప్రయాణాల్లో వెంట తీసుకెళ్లే బుల్లి రౌటర్లవి (ట్రావెల్ రౌటర్లంటారు) నువ్వు పంపిన మూడు స్క్రీన్‌షాట్లూ చూశాను. ఒకదాని మీద 1200, ఇంకోదాని మీద 1800, మూడోదాని మీద 3000. కింద "ఏది కొనను మామయ్యా" అని ఒక్క ముక్క. ఆ అంకెలతోనే తేలిపోయేదైతే నన్నడగడం ఎందుకు, పెద్దది కొనేస్తే సరిపోయేది కదా. ఉద్యోగం పేరు చెప్పి పదిహేనేళ్లుగా బ్యాగు సర్దుకుని తిరుగుతున్నవాణ్ణి, ఇలాంటి బుల్లి రౌటర్లు నాలుగు కొన్నాను, అందులో రెండు అల్మారాలో దుమ్ము కొట్టుకుని పడున్నాయి. ఆ రెండూ అంకె చూసి కొన్నవే.

ముందు ఆ అంకె కథ చెప్తాను. 3000 అని రాసినదాంట్లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు (వైఫై నడిచే రేడియో తరంగాల దారి) మీద 574, 5 గిగాహెర్ట్జ్ మీద 2402 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత, సెకనుకు ఇన్ని మెగాబిట్లని) ఉంటాయి, ఆ రెండూ కలిపి గుండుగా 3000 అనేశారు. నీ ఫోను మామూలుగా ఒకసారికి ఒక బ్యాండు మీదే ఉంటుంది కాబట్టి ఆ మొత్తం నీకెప్పుడూ అందదు. ఆ 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్ దొరికితేనే, చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగిపోతాయి, అంటే కాగితం మీదే అది 1201 అయిపోయింది. ఇక నువ్వు దిగిన చోట వైఫై నీ గదికి ఇచ్చేదే 20 ఎంబీపీఎస్ అయితే 1200 డబ్బా అయినా 3000 డబ్బా అయినా నీకొచ్చేది ఆ 20లోంచే. బావిలో నీళ్లు లేనప్పుడు చేద పెద్దదైతే ఏం లాభం.

అసలు నీకు ఇది కావాలా అన్నది ఇంకో ప్రశ్న. ఒక్క ఫోను, ఒక్క ల్యాప్‌టాప్, రెండు రాత్రుల ప్రయాణం అంటే ఫోన్ హాట్‌స్పాట్ చాలు, బ్యాగులో ఇంకో వస్తువు, ఇంకో వైరు ఎందుకు. ఇంకోటి, ఇందులో సిమ్ ఉంటుందనుకుంటున్నావేమో, చాలా ట్రావెల్ రౌటర్లలో ఉండదు. సిమ్ వేసుకుని దాని సొంత డేటాతో నడిచే చేతి హాట్‌స్పాట్ డబ్బాలు వేరు. ఇది ఇంకెక్కడో ఉన్న ఇంటర్నెట్‌ను తెచ్చి నీ వస్తువులకు పంచిపెడుతుంది, అంతే.

కానీ నువ్వు నెలకు పది రోజులు బయటే ఉంటానన్నావు, ల్యాప్‌టాప్‌లు రెండు, ట్యాబ్, టీవీకి పెట్టే స్టిక్ కూడా తీసుకెళ్తానన్నావు, అప్పుడు లెక్క మారుతుంది. రౌటర్‌లో మీ ఇంటి వైఫై పేరే, అదే పాస్‌వర్డ్ పెట్టేశావనుకో, ఎక్కడికెళ్లినా నీ వస్తువులన్నీ ఇంట్లో ఉన్నట్టే వాటంతటవే కనెక్ట్ అయిపోతాయి, ఒక్కోదాంట్లో పాస్‌వర్డ్ కొట్టే పని ఉండదు. (సెక్యూరిటీ రకం కూడా రెండు చోట్లా ఒకటే ఉండాలి, అక్కడ డబ్ల్యూపీఏ2, ఇక్కడ డబ్ల్యూపీఏ3 పెడితే కొన్ని పాత వస్తువులు మొరాయిస్తాయి.) చాలాచోట్ల గెస్ట్ వైఫైలో ఒక వస్తువుకు ఇంకో వస్తువు కనపడకుండా అడ్డు పెడతారు, పక్క గదివాళ్లు నీ ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూడకుండా అది మంచిదే, కానీ నీ ఫోను నుంచి నీ టీవీ స్టిక్‌కు వీడియో పంపడం కూడా కుదరదు. మధ్యలో నీ రౌటర్ ఉంటే నీ వస్తువులన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. గదికి రెండు డివైజ్‌లే అని లెక్క పెట్టేచోట కూడా బయటికి కనపడేది రౌటర్ ఒక్కటే.

ఇక కొనేటప్పుడు ఏం చూడాలంటే, ఇంటర్నెట్ ఆ డబ్బాలోకి ఎన్ని దారుల్లో రాగలదో చూడు. గోడలో ల్యాన్ పోర్ట్ (నెట్ వైరు గుచ్చే సాకెట్) ఉంటే కేబుల్ పెట్టాలి, వేరేవాళ్ల వైఫైని పట్టుకుని నీకు పంచాలి (దీన్నే రిపీటర్ అంటారు, కొందరు విస్ప్ మోడ్ అంటారు), నీ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే దాని డేటా వాడుకోవాలి. ఈ మూడూ లేనిదాని జోలికి పోకు. ముఖ్యంగా మూడోది. వైఫై పడిపోయి గంటలో మీటింగ్ ఉందంటే నిన్ను కాపాడేది ఆ యూఎస్‌బీ టెథరింగే, పైగా ఫోన్ చార్జింగ్ కూడా అందులోంచే కొద్దోగొప్పో ఎక్కుతూ ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది లాగిన్ పేజీ. గది నంబరు, ఇంటిపేరు కొట్టమనే పేజీ ఉంటుంది చూడు, అది. నువ్వు రౌటర్‌ను ఆ వైఫైకి కలపగానే సిగ్నల్ నిండుగా చూపిస్తుంది, నెట్ మాత్రం రాదు, పేజీ కూడా రాదు. నేను మొదటిసారి గంటన్నర కూర్చున్నాను, రౌటర్ పాడైందనుకుని ఫ్యాక్టరీ రీసెట్ కూడా కొట్టేశాను. అసలు సంగతేంటంటే, నువ్వు ఏదో సైట్ అడిగితే దారి మధ్యలో వాళ్ల గేట్‌వే (వాళ్ల నెట్‌కు కాపలా కాసే యంత్రం) ఆపి తన పేజీ చూపిస్తుంది. నీ రౌటర్‌లో వీపీఎన్ (నీ డేటాను రహస్యంగా మార్చి పంపే సొరంగం) ఆన్ చేసి ఉన్నా, డీఎన్ఎస్ (సైట్ పేరును బట్టి దాని అడ్రస్ చెప్పే సర్వర్) నువ్వు వేరేది పెట్టుకుని ఉన్నా ఆ ఆపడం కుదరక పేజీ రాకుండా పోతుంది. కాబట్టి ముందు ఆ రెండూ ఆపు, పేజీ రాగానే లాగిన్ అవ్వు, తర్వాత మళ్లీ ఆన్ చేసుకో. జీఎల్ ఐనెట్ లాంటి కంపెనీల రౌటర్లలో దీనికి విడిగా ఒక ఏర్పాటు ఉంటుంది, నువ్వు పంపిన మూడూ వాళ్లవే కాబట్టి ఆ బాధ కొంత తక్కువ.

అప్పటికీ పేజీ రాకపోతే ఇంకో కిటుకు ఉంది. లాగిన్ అయింది ఎవరో ఆ గేట్‌వే సాధారణంగా మ్యాక్ అడ్రస్‌ను (వైఫైకి కలిసే ప్రతి వస్తువుకూ ఉండే గుర్తింపు నంబరు) బట్టే గుర్తుపెట్టుకుంటుంది. ముందు ఫోన్‌తో నేరుగా లాగిన్ అయి, ఆ ఫోన్ మ్యాక్ అడ్రస్‌ను రౌటర్‌లో క్లోన్ చేస్తే (అంటే నకలు పెడితే) గేట్‌వే రౌటర్‌ను చూసి ఫోనే అనుకుంటుంది. ఇక్కడ ఇద్దరు ముగ్గురు నాకు ఫోన్ చేసి మరీ అడిగారు "చేశాను, పని చేయట్లేదు" అని. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఒక్కో వైఫైకి ఫోన్ ఒక్కో కొత్త మ్యాక్ అడ్రస్ తయారు చేసుకుంటుంది, కాబట్టి సెట్టింగ్స్‌లో ఎక్కడో ఉన్న అసలు అడ్రస్ కాదు, ఆ వైఫై పేరు నొక్కితే కనపడే అడ్రస్ తీసుకోవాలి. క్లోన్ చేశాక ఫోన్‌ను ఆ వైఫై నుంచి తీసేయాలి, లేకపోతే ఒకే అడ్రస్‌తో ఇద్దరుండి ఇద్దరికీ నెట్ సరిగ్గా రాదు. మ్యాక్ క్లోన్ సదుపాయం లేని రౌటర్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఇంకో చిన్న చిక్కు. ప్రతి రౌటర్‌కూ నెట్‌వర్క్‌లో ఒక అంకెల అడ్రస్ ఉంటుంది, నీ రౌటరూ 192.168.1.1, అవతలి నెట్‌వర్కూ 192.168.1.1 అయితే రెండూ తన్నుకుంటాయి, సెట్టింగ్స్ పేజీ కూడా ఎవరిదో తెలీదు. బయల్దేరేముందే నీ దాన్ని ఎవరూ పెద్దగా వాడని దానికి, ఏ 192.168.77.1కో మార్చిపెట్టుకో, ఒకసారి మారిస్తే మళ్లీ చూడక్కర్లేదు.

రెండు బ్యాండులు ఉన్నదే కొను. టీపీలింక్ డబ్ల్యూఆర్802ఎన్, జీఎల్ ఐనెట్ మ్యాంగో లాంటివి అరచేతిలో పట్టేంత ముద్దుగా ఉంటాయి, నా దగ్గరున్న దుమ్ము డబ్బాల్లో ఒకటి ఆ జాతిదే, కానీ వాటిలో 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. అవతలి వైఫైని పట్టుకునేదీ నీకు పంచేదీ అదే రేడియో, ఒకసారి వినాలి ఒకసారి మాట్లాడాలి, దాంతో వేగం దాదాపు సగం పోతుంది. రెండు బ్యాండులుంటే వాళ్ల వైఫైని ఒకదాని మీద పట్టుకుని నీ వస్తువులను రెండోదాని మీద పెట్టుకోవచ్చు. గోడలు అడ్డముంటే 2.4 దూరం వస్తుంది, దగ్గర్లో ఉంటే 5 వేగం, అది చూసుకుని ఏది ఎటో పెట్టుకో. గోడలో ల్యాన్ పోర్ట్ పని చేస్తోంటే ఈ గోలేమీ లేదు, అందుకే మీటరు పొడవున్న ల్యాన్ కేబుల్ ఒకటి బ్యాగులో ఎప్పుడూ ఉంచు.

కరెంటు గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. ఒకసారి ప్లగ్గు పాయింట్లు తక్కువున్నాయని రౌటర్‌ను టీవీ వెనకున్న యూఎస్‌బీలో పెట్టాను. బాగానే వెలిగింది. మీటింగ్‌లో నేను మాట్లాడడం మొదలుపెట్టి నాలుగు నిమిషాలైందో లేదో ఆరిపోయింది, మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. మామూలు యూఎస్‌బీ 2 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది అర ఆంపియర్, యూఎస్‌బీ 3 అయితే 0.9. నా రౌటర్‌కు కావాల్సింది 2. ఊరికే ఉన్నంతసేపూ సరిపెట్టుకుంటుంది, పని పడగానే చచ్చి మళ్లీ పుడుతుంది. నువ్వు పంపినవాటిలో 3000ది బెరిల్ ఏఎక్స్, అది 5 వోల్టులు 3 ఆంపియర్లు అడుగుతుంది, 15 వాట్ల మంచి టైప్ సీ చార్జర్ చాలు. 1800ది స్లేట్ ఏఎక్స్, దానికి 5 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లు కావాలి, చాలా ఫోన్ చార్జర్లు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు దాటవు, వాటి మీద 65 వాట్లు అని రాసున్నా సరే. అంటే దాని సొంత అడాప్టర్ మర్చిపోతే నీ పని అయిపోయినట్టే. నాకు ఇదొక్కటి చాలు ఆ మాడల్ పక్కన పెట్టడానికి, నీ ఇష్టం.

పవర్ బ్యాంక్ మీద నడుస్తుందా అంటే భేషుగ్గా నడుస్తుంది. 10,000 ఎంఏహెచ్ అంటే సుమారు 37 వాట్-అవర్లు, సగటున 5 వాట్లు తినే రౌటర్ నష్టాలన్నీ పోను ఓ ఆరు గంటలు లాగుతుంది. విమానంలో అయితే పవర్ బ్యాంక్ చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్ బ్యాగులో వేస్తే తీయించేస్తారు. ఓడలో వెళ్తుంటే ముందు వాళ్ల రూల్స్ చూసుకో, కొన్ని కంపెనీలు రౌటర్లు తేనివ్వవు.

మీ ఆఫీసువాళ్లు ల్యాప్‌టాప్‌లోనే వీపీఎన్ పెట్టి ఇచ్చుంటే రౌటర్‌లో మళ్లీ అక్కర్లేదు. అన్ని వస్తువులకూ కలిపి పెట్టుకుందామనుకుంటే మాత్రం డబ్బా మీద వైఫై అంకె కాదు, వీపీఎన్ అంకె వెతుకు. ఆ బుర్ర చిన్నది కదా, రహస్యంగా మార్చి పంపడానికి దానికి కష్టం. వీపీఎన్‌లో వైర్‌గార్డ్, ఓపెన్‌వీపీఎన్ అని రెండు రకాలున్నాయి, కంపెనీ చెప్పే లెక్కలోనే బెరిల్ ఏఎక్స్ వైర్‌గార్డ్‌తో 300 ఎంబీపీఎస్, ఓపెన్‌వీపీఎన్‌తో 150. స్లేట్ ఏఎక్స్ వైర్‌గార్డ్‌తో 550. 1200ది ఇక్కడ బాగా వెనకబడుతుంది. వైర్‌గార్డే వాడుకో, 2020 నుంచి లైనక్స్ కెర్నెల్‌లోనే (ఇలాంటి రౌటర్లను నడిపే మూల సాఫ్ట్‌వేర్) భాగమైపోయింది, చిన్న యంత్రాల మీద తేలిగ్గా నడుస్తుంది.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వస్తున్నాయా లేదా చూడు, చివరి అప్‌డేట్ మూడేళ్ల కిందటిదైతే ఎంత మంచి డబ్బా అయినా వదిలెయ్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అని 2004లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నీ మాడల్‌కు అది ఎక్కుతుందంటే కంపెనీ చేతులెత్తేసినా నీ రౌటర్ బతుకుతుంది. నీకు వాటితో ఓపిక లేదని తెలుసు, నేను ఎక్కించి పెడతాలే.

ఇంట్లోకి కూడా ఇదే వాడొచ్చా అన్నావు. ఒకటి రెండు గదులకు, పది పన్నెండు వస్తువులకు హాయిగా సరిపోతుంది. ఫైబర్ పెట్టె నుంచి వైరు తెచ్చి దీనికి పెట్టు, ఆ పెట్టెలోనే వైఫై ఉంటే దీన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి వైఫై మాత్రం పంచే మోడ్) పెట్టు, రౌటర్ వెనక రౌటర్ అయితే గేములూ కెమెరాలూ పేచీ పెడతాయి. కప్‌బోర్డులో పెట్టి తలుపేయకు, చిన్న ఒళ్లు, వేడి పోవడానికి చోటుండదు, వేడెక్కితే నెమ్మదిస్తుంది. కానీ ఒక్క మాట, ఇంట్లో నువ్వొక్కదానివే ఉంటేనే ఈ పొదుపు. నేను ఇంటి రౌటర్‌నే బ్యాగులో వేసుకుని వెళ్లిపోయాను ఒకసారి, ఇంకా సగం దారిలో ఉండగానే మీ అత్తయ్య ఫోన్. ఆ తర్వాతే రెండోది కొన్నాను.

నా లెక్కలో బెరిల్ ఏఎక్స్ తీసుకో, 3000 అని కాదు, మామూలు టైప్ సీ చార్జర్‌తో నడుస్తుందని, 2.5 గిగాబిట్ పోర్ట్ ఉందని, వీపీఎన్‌కు తట్టుకుంటుందని. వీపీఎన్ అసలు వాడనంటే 1200ది చాలు, మిగిలిన డబ్బుతో మంచి చార్జర్ కొనుక్కో. వచ్చాక డబ్బాలో పెట్టి బయల్దేరే రోజు తీయకు. ఇంట్లోనే నీ ఫోన్ హాట్‌స్పాట్‌ను హోటల్ వైఫై అనుకుని దానికి కలిపి చూడు, అప్‌డేట్ చెయ్యి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు, రీసెట్ బటన్ ఎక్కడుందో చూసుకో. నీ దగ్గరున్న చార్జర్ మీద సన్నటి అక్షరాలతో వోల్టులు, ఆంపియర్లు రాసుంటాయి, అది ఫోటో తీసి పంపు, పనికొస్తుందో లేదో చూసి చెప్తా.

మామయ్య